ఐదో మెట్టు

రిపేరక్క మెత్తటి గుడ్డతో వయొలిన్లు తుడుస్తోంది. కమానుకు రాసే గుగ్గిలం పొడిపొడిగా రాలి తీగల కింద తెల్లగా పేరుకుంటుంది. రోజూ పొద్దున్నే తుడవకపోతే చెక్కకు అంటుకుపోయి మెరుగును తినేస్తుంది. మొత్తం ఇరవై ఏడు వయొలిన్లు. పిల్లలు ఫలహారానికి వెళ్ళొచ్చే ముప్పావు గంటలో అన్నింటినీ తుడిచి, తీగలు చూసి, వదులైన బిరడాలు బిగించి, ఎవరి పెట్టెలో వాళ్ళది సర్దేయాలి. పదకొండు వేసవులుగా ఈ పని ఆమెదే.

రిపేరక్క అన్నది పిల్లలు పెట్టిన పేరు. శిబిరం నడిపే మాస్టారికి ఆమె ఒక్కగానొక్క కూతురు. ముప్పై రెండేళ్ళు. ఎడమచేతి ఉంగరపువేలూ చిటికెనవేలూ అరచేతిలోకి ముడుచుకుని ఉంటాయి, అక్కడేదో దాచుకున్నట్టు. మిగిలిన మూడు వేళ్ళతో చెక్కను అదిమిపట్టి కుడిచేత్తో చెక్కుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటివారం ఆ వేళ్ళకేసి దొంగచూపులు చూస్తారు. రెండోవారం ధైర్యం చేసి, గుప్పిట్లో ఏముందక్కా అని అడుగుతారు. మూడోవారానికి మరిచిపోతారు. పుట్టుకతో నరాల బలహీనత, పదమూడో ఏట బయటపడింది అని ఆమె అందరికీ ఒకటే జవాబు చెబుతుంది. ఆమెకు చెప్పిన జవాబూ అదే.

మొన్న సోమవారం జరిగింది మళ్ళీ ఒకసారి తలచుకోవాలి. అప్పటికి నలభై రోజుల శిబిరంలో ముప్పై నాలుగు రోజులు గడిచాయి. ముగింపు కచేరీ ఆదివారం. సోమవారం సాయంత్రం హాల్లో అందరూ కలిసి వాయిస్తుండగా, పిచ్చుక ఒక్కతే వాయించాల్సిన చోటు వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, పిట్టంత ఉంటుంది, నిద్రలో తప్ప నోరు మూయదు. అందుకే ఆ పేరు. రెండు నిమిషాలు పొంగిపొర్లినట్టు వాయించింది. ఉన్నట్టుండి కమాను కదులుతూనే ఉంది గానీ స్వరం మారడం మానేసింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయాయి. పిల్ల వాటికేసి చూస్తూ ఉండిపోయింది. అలసట, రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే ఆదివారానికి లేచి కూర్చుంటుంది అన్నారు మాస్టారు. పిల్లలంతా నమ్మారు. రిపేరక్క మాత్రం తన ఎడమచేతిని జేబులో పెట్టుకుని హాల్లోంచి బయటికి వచ్చేసింది.

రెండు రోజులు సాధన ఆగితే ఇంటికి కబురు చెప్పాలన్నది శిబిరం నియమం. మాస్టారే ఫోన్ చేశారు. పిచ్చుక తల్లిదండ్రులు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు గంటల బస్సుకి దిగుతున్నారు.

ఇరవై ఆరు తుడవడం అయింది. చివరికి మిగిలింది పిచ్చుకది. ముందే తియ్యాల్సింది, కావాలనే చివరికి నెట్టింది. రెండు రోజులుగా ఎవరూ ముట్టుకోని వయొలిన్ కాబట్టి పొడి ఏమీ లేదు. అయినా తుడిచింది. తుడుస్తూ మొదటి తీగను వేలితో నొక్కి చూసింది. వేలి కొన మీద తీగ కోసినట్టు దిగింది గానీ కింద ఉన్న చెక్కను తాకలేదు. ఇంకాస్త నొక్కితే తాకింది. ఆమె వేలు తీసి, అక్కడ పడ్డ గాడిని చూసుకుంది.

మాస్టారి పద్ధతిలో మెట్టు అనేది ఒకటుంది. వయొలిన్ తీగలను పైకెత్తి పట్టుకునే చిన్న చెక్కముక్కను బ్రిడ్జి అంటారు. అది ఎంత ఎత్తుంటే తీగ అంత పైకి లేస్తుంది, వేలు అంత బలంగా నొక్కాలి. బాగా సాధన చేసే పిల్లలకు మాస్టారు వారానికోసారి అర మిల్లీమీటరు ఎత్తైన కొత్త బ్రిడ్జి వేయిస్తారు. అదే ఒక మెట్టు. కచేరీకి ముందురోజు అందరివీ మళ్ళీ మామూలు ఎత్తుకు దించుతారు. బరువు మోసిన వేళ్ళు బరువు దిగగానే పరిగెత్తుతాయని ఆయన నమ్మకం. ఆయనకు నేర్పిన గురువు నమ్మకమూ అదే.

పిల్లలకు మెట్టంటే ప్రాణం. భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎన్నో మెట్టు మీదున్నారన్నదే మాట. మెట్టు పడని పిల్లలు దుప్పటి కప్పుకుని ఏడుస్తారు. మెట్టు పడ్డ పిల్ల వేలికొనల మీద కాయలు చూపిస్తూ మూడు రోజులు తిరుగుతుంది. బ్రిడ్జి చెక్కేది రిపేరక్క కాబట్టి, ఆమె బల్ల చుట్టూ ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఈగల్లా ముసురుతూనే ఉంటారు, ఈ చెక్క ఎవరికక్కా అంటూ.

మూడు మెట్లు దాటకూడదన్నది మాస్టారి గట్టి మాట. ఎంత గొప్పగా వాయించినా మూడే. కొలవడానికి ఒక ఇత్తడి పలక ఉంది. ఆయన స్వయంగా గీతలు గీసింది. దాన్ని తీగ కింద నిలబెడితే తీగ ఏ గీతను తాకుతుందో అదే మెట్టు. పలక మీద గీతలు మాత్రం ఆరున్నాయి. పై మూడూ దేనికని ఆమె ఈ పదకొండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు ఆ పలకను పిచ్చుక తీగ కింద నిలబెట్టింది. తీగ మూడో గీతను దాటింది. నాలుగోదాన్ని దాటింది. ఐదో గీత మీద ఆగింది.

చెయ్యి వణికి ఉంటుందనుకుని మళ్ళీ పెట్టింది. ఐదే. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి చూసింది. ఐదే.

అప్పుడామెకు శిబిరం మొదటిరోజు గుర్తొచ్చింది. పొద్దున్నించీ వాన. తడిసిన పెట్టెలు, ఉబ్బిన బిరడాలు, తెగిన తీగలు, బల్ల మీద గుట్టలా వయొలిన్లు. మిగతా ఇరవై ఆరూ శిబిరం సొంతం, అన్నింటికీ ఆమె చేతి బ్రిడ్జిలే. ఇంటి నుంచి సొంత వయొలిన్ తెచ్చుకున్నది పిచ్చుక ఒక్కతే. బయటి వయొలిన్ వస్తే ముందు పాత బ్రిడ్జి తీసి, మామూలు ఎత్తు బ్రిడ్జి వేసి, అక్కడి నుంచే మెట్లు లెక్కపెట్టాలి. అది పద్ధతి. ఆ రోజు తీగ మీటి చూస్తే గంటలా మోగింది. బాగున్నదాన్ని కదపడం ఎందుకులే అనుకుంది. కొలవనైనా లేదు. ఆ పాత బ్రిడ్జి అప్పటికే రెండు మెట్ల ఎత్తులో ఉంది. దాని మీద వారానికొకటి చొప్పున మూడు. ప్రతిసారీ పాత బ్రిడ్జి పక్కన పెట్టుకుని, దానికంటే అర మిల్లీమీటరు ఎత్తుగా కొత్తది చెక్కింది. ఎంతో శ్రద్ధగా చెక్కింది. మూడో బ్రిడ్జి తన చేతిలోంచి వచ్చినవాటిలోకెల్లా అందంగా ఉందని మురిసిపోయింది కూడా.

ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడే పిచ్చుక తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. ఎడమచెయ్యి లాగు జేబులో ఉంది.

"జబ్బు చేసింది నా చేతికక్కా, వయొలిన్‌కి కాదు. దాన్నెందుకు పడుకోబెట్టావు?"

రిపేరక్క నవ్వలేకపోయింది. దగ్గరికి పిలిచి చెయ్యి చూపించమంది. పిల్ల కాసేపు తాత్సారం చేసి జేబులోంచి తీసింది. రెండు వేళ్ళూ సగం ముడుచుకుని ఉన్నాయి. కుడిచేత్తో పట్టుకుని విప్పితే విప్పుకున్నాయి. వదలగానే మెల్లగా మళ్ళీ ముడుచుకున్నాయి, ముట్టుకుంటే ముడుచుకునే ఆకుల్లాగా. పొద్దున పేస్టు మూత తియ్యలేక పక్కమంచం పిల్లను బతిమాలుకుందట. ఆ పిల్ల ఇప్పుడు తనను బామ్మా అని పిలుస్తోందట. అంతా నవ్వుతూనే చెప్పింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. అదే భయం. వేలు నాది కానట్టుంది."

పంతొమ్మిదేళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట తను అమ్మతో అన్నది రిపేరక్కకు గుర్తుంది. అమ్మ ఆ వేళ్ళను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

పిచ్చుక బల్ల మీదున్న ఇత్తడి పలకను చూసింది. చూడగానే ముఖం మారిపోయింది. మెట్టు దించేస్తున్నావా అని అడిగింది. దించొద్దని, అమ్మానాన్నలు వచ్చేదాకా అయినా అలాగే ఉంచమని ప్రాధేయపడింది. మూడో మెట్టెక్కానని ఇంటికి ఉత్తరం రాసిందట. నాన్న ఆ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడట. ఇప్పుడు దించితే, వేళ్ళు ఓడిపోయాయని మాస్టారే దించేశారనుకుంటారట అందరూ. ఆ పిల్ల ఎక్కింది మూడు కాదని చెప్పే నోరు రిపేరక్కకు లేకపోయింది. దించను, వెళ్ళి చేతికి వేడినీళ్ళ కాపడం పెట్టించుకో అని పంపేసింది. పిల్ల వెళ్ళాక వయొలిన్‌నూ పలకనూ తీసుకుని ఇంటికి బయల్దేరింది. నడుస్తూ ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తప్పు నాదే నాన్నా. కొలవలేదు. డాక్టరుకు అంతా చెప్పేద్దాం. అంతకంటే ఏముంది చెప్పడానికి?

సెలవుల్లో ఖాళీగా ఉండే హాస్టల్ స్కూల్లోనే శిబిరం. మాస్టారి ఇల్లు అదే ఆవరణలో, గేటుకు దగ్గరగా. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగదిలో మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఆదివారం కార్యక్రమం రాసుకుంటున్నారు. లోపలి గదిలో అమ్మ కచేరీకి పిల్లలు వేసుకునే తెల్లచొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నలభై రోజులూ పిల్లల బట్టలు, పక్కలు, జ్వరాలు, బెంగలు అన్నీ అమ్మవే. తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె సుయ్యిమంటున్న చప్పుడు, కాలిన పిండి వాసన ముందుగదిలోకి వస్తున్నాయి.

గోడకు అద్దాల పెట్టెలో ఒక వయొలిన్ వేలాడుతోంది. రిపేరక్క చిన్నప్పటిది. ఆమె వేళ్ళు ముడుచుకుపోయిన ఏడాది మాస్టారు దాన్ని ఆ పెట్టెలో పెట్టి తాళం వేశారు. అంతటి మనిషికి కూతురంటే ఎంత ప్రేమో చూడండని వచ్చినవాళ్ళంతా అంటారు.

రిపేరక్క నిలబడే చెప్పింది. మొదటిరోజు వాన దగ్గర్నుంచి మొదలుపెట్టి, కొలవని సంగతి, పాత బ్రిడ్జి సంగతి, మూడు వారాల మూడు బ్రిడ్జిలు, ఏదీ దాచలేదు. మాస్టారు తల ఎత్తకుండా వింటున్నారు. ఆయన కలం కాగితం మీద కదులుతూనే ఉంది.

"మొత్తం ఎన్నైంది మరి?"

"ఐదు."

కలం ఆగింది.

"ఐదా," అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన కూతురితో అనలేదు. తనలో తను అనుకున్నట్టు, కాగితానికేసి చూస్తూ అన్నారు. "నీకంటే ఒకటి ఎక్కువ."

నోరు జారిన సంగతి ఆయనకు వెంటనే తెలియలేదు. కలం మూత కోసం వెతుక్కుంటున్నారు. లోపల ఇస్త్రీపెట్టె చప్పుడు కూడా ఆగలేదు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి, ఒప్పుకున్నాక ఏడవడానికి కూడా సిద్ధపడి వచ్చిన మనిషి, ఏడుపు మరిచిపోయి నిలబడింది.

"నాకెన్ని, నాన్నా?"

ఆయన నీళ్ళు నమిలారు. ఏదో పాత సంగతి, ఇప్పుడెందుకు అన్నారు. పన్నెండు గంటలకు వాళ్ళు దిగుతారు, ముందా సంగతి చూడమన్నారు.

ఆమె పిచ్చుక వయొలిన్‌ను బల్ల మీద పెట్టి, బల్ల సొరుగులోంచి తాళంచెవి తీసి, అద్దాల పెట్టె తెరిచింది. పంతొమ్మిదేళ్ళుగా పైపైన దుమ్ము తుడిచిందే గాని, ఆ వయొలిన్‌ను చేతిలోకి తీసుకున్నది లేదు. చిన్నదిగా అనిపించింది. తీగలు నల్లబడ్డాయి గానీ బిగువు పూర్తిగా సడలలేదు. బ్రిడ్జి నిలబడే ఉంది. మాస్టారి చేతి చెక్కడం. కాళ్ళ దగ్గర ఆయన ఎప్పుడూ కొంచెం ఎక్కువ చెక్కుతారు. ఇత్తడి పలక తీగ కింద పెట్టింది.

నాలుగు.

ఆ అంకె ఆమె పైకి అనలేదు. పలకను అలాగే ఉంచి వయొలిన్‌ను ఆయన ముందు, కార్యక్రమం కాగితం మీద పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు, పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పారు. ఆయన చిన్నప్పుడు గురువు దగ్గర ఆరు మెట్లెక్కారట. వేళ్ళు చిట్లి నెత్తురొచ్చినా ఎక్కారట. ఆయన చేతికేం కాలేదు. కూతురు తనకంటే బాగా వాయిస్తోంది, తనకంటే త్వరగా ఎక్కుతోంది, ఆ సంతోషంలో నాలుగు వారాల్లో నాలుగు వేశారట. చెడగొట్టాలని ఏ తండ్రైనా వేస్తాడా అన్నారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నన్నూ అమ్మనూ బయట బెంచీ మీద కూర్చోబెట్టావు. నువ్వొక్కడివే లోపలికి వెళ్ళావు. ఆయనేం చెప్పాడు?"

"ఆర్నెల్లు వాయించొద్దన్నాడు," అన్నారు మాస్టారు. ఇక దాచి లాభం లేదన్నట్టు మిగతాది కూడా చెప్పేశారు. "అంత బలంగా నొక్కించడం వల్లే వచ్చిందన్నాడు. ఇప్పుడే ఆపితే వేళ్ళు తెరుచుకోవచ్చు, ఆపకపోతే నా చేతుల్లో లేదన్నాడు. పోటీకి పద్దెనిమిది రోజులుంది. పద్దెనిమిది రోజులే కదా, తర్వాత ఆర్నెల్లు కాకపోతే ఏడాది ఆపుదామనుకున్నాను."

రిపేరక్కకు ఆ పోటీ గుర్తుంది. లైట్ల వేడి గుర్తుంది. ముందు వరసలో నాన్న తెల్లచొక్కా గుర్తుంది. చివరికి వచ్చేశాం, ఇంకో నిమిషం అనుకుంటుండగా వేళ్ళు ముడుచుకున్నాయి. ఆ తర్వాత మళ్ళీ తెరుచుకోలేదు. ఆ పద్దెనిమిది రోజులూ నాన్న పక్కన కూర్చుని, వేళ్ళు తన చేత్తో విప్పి తీగ మీద పెట్టేవాడు. ఎంత ఓపికో అనుకునేది ఆమె. ఈ పంతొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లో ఆ ఓపికను తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుట్టుకతోనే చెడిపోయిన చేతిని నాన్న నిలబెట్టాలని చూశాడు, తనే నిలబెట్టుకోలేకపోయింది అనుకుని, అందుకు బదులుగానే అన్నట్టు, ఆయన శిబిరంలో చాకిరీ చేస్తూ వచ్చింది.

లోపల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది.

మాస్టారు కూడా అది విన్నారు. గొంతు తగ్గించారు. నీ తర్వాత ఎవ్వరికీ మూడు దాటనివ్వలేదు, పదకొండేళ్ళుగా చూస్తున్నావుగా, అది నీకు కనపడలేదా అన్నారు. ఆయన దాన్నొక ప్రాయశ్చిత్తంగా చెప్పుకున్నారు. విన్న ఆమెకు మాత్రం వేరుగా వినిపించింది. మూడు దాటితే ఏమవుతుందో తెలిసిన మనిషి, బ్రిడ్జిలు చెక్కే మనిషికి ఆ ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే వాన రోజైనా, గుట్టలా పని ఉన్నా, ప్రాణం పోతున్నా సరే ఆమె కొలిచి ఉండేది.

"ఇప్పుడేం చేద్దామని?" అంది.

మాస్టారు ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు నిటారుగా కూర్చున్నారు. పని సంగతి వచ్చేసరికి ఆయన మళ్ళీ మాస్టారైపోయారు. ఎలాగూ శనివారం అన్ని బ్రిడ్జిలూ దించేవే కదా, పిచ్చుకది ఇవాళే దించేయమన్నారు. వాళ్ళు వచ్చేసరికి మామూలు బ్రిడ్జి ఉండాలి. తీసిన దాన్ని పొయ్యిలో వేసేయాలి. పిల్లకు ఒంట్లోనే ఏదో బలహీనత ఉందని, ఊరికి తీసుకెళ్ళి చూపించుకోమని తను నచ్చజెబుతారు. శిబిరం మాట బయటికి పొక్కితే వచ్చే ఏడు ఒక్క పిల్ల కూడా రాదు. ఇరవై రెండేళ్ళ కష్టం. ఆ పిల్ల బాగుపడేదైతే ఎక్కడైనా బాగుపడుతుంది.

"దేనివల్ల వచ్చిందో తెలియకుండా డాక్టరేం చేస్తాడు? పుట్టుకతో వచ్చిందంటే వదిలేస్తారు. నన్ను వదిలెయ్యలేదూ?"

"నిన్నెవరు వదిలేశారు తల్లీ?"

ఆమె పిచ్చుక వయొలిన్ అందుకోబోయింది. అప్పటికే మాస్టారి చెయ్యి దాని మీద పడింది. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తానని, ఆయన బిరడా పట్టుకుని మొదటి తీగ వదులు చెయ్యబోయారు. ఆమె వయొలిన్ మెడ పట్టుకుంది. ఎడమచేత్తోనే పట్టుకుంది. మూడు వేళ్ళ పట్టు. ఉలి పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు. ఆయన లాగారు, అది ఊడిరాలేదు. తండ్రీ కూతుళ్ళు బల్లకు అటొకరు ఇటొకరు, ఒక పసిదాన్ని పంచుకోవడానికి నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఈ బ్రిడ్జి ఇలాగే ఉంటుంది," అంది ఆమె. "వాళ్ళు చూడాలి. నేను చెక్కానని నేనే చెబుతాను. మిగతాది నువ్వు చెప్పుకుంటావో లేదో నీ ఇష్టం."

లోపలి గది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

ఎంతసేపయిందో. ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటి ఇంకా చేతిలో ఉంది. అమ్మ ముఖం ఎప్పటిలాగే ఉంది. అందుకే ఆ ముఖానికేసి చూడటం రిపేరక్కకు కష్టమైంది.

ఇక్కడ అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజు డాక్టరు గదిలోంచి బయటికి వచ్చిన మాస్టారు బెంచీ మీదున్న భార్యతో చెప్పింది ఒకటే ముక్క. ఇది తల్లి వైపు నుంచి వచ్చిందట. మీ అమ్మ చేతులు వణుకుతాయిగా, అదేనట. అమ్మ నమ్మింది. అమ్మమ్మ కూడా నమ్మింది. ఆ తర్వాత అమ్మమ్మ ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా చేతులు శాలువా కిందే దాచుకుని కూర్చునేది. మనవరాలికి గ్లాసుతో నీళ్ళందించడానికి కూడా చేతులు బయటికి తీసేది కాదు. చివరి రోజుల్లో కూతుర్ని పిలిచి, తెలియక ఇచ్చానమ్మా, క్షమించమని అడిగి మరీ పోయింది. అమ్మ ఆ రక్తమే తనదని భయపడి మరో బిడ్డను కనలేదు. ఆ కోరిక ఎంత ఉండేదో, శిబిరం పిల్లలకు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చునే తీరు చూస్తే తెలుస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకోవలసిన అవసరం కూడా రాలేదు, అంత బలంగా నాటుకుపోయింది.

"డాక్టరు మా అమ్మ మాటెత్తాడా?" అని అడిగింది అమ్మ.

పెద్దగా అడగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

మాస్టారి చెయ్యి బిరడా మీద నుంచి జారింది. గోడకేసి చూశారు, ఖాళీ అద్దాల పెట్టెకేసి చూశారు. ఆ రోజు ఏదో ఒకటి చెప్పాలి కదా, నువ్వు రోజూ ఏడుస్తూ అడిగేదానివి, ఎవరో ఒకరి మీద అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశారు.

అమ్మ అది పూర్తవుతుందేమోనని కాసేపు చూసింది. పూర్తికాలేదు.

చేతిలో ఉన్న చొక్కాను నాలుగు మడతలు పెట్టింది. వెనక్కి వెళ్ళి మిగతా చొక్కాల దొంతర మీద పెట్టింది. ఇస్త్రీపెట్టె తీగ గోడలోంచి పీకింది. అది చల్లారేదాకా ఎప్పుడూ పక్కనే ఉండే మనిషి, ఇవాళ దాన్ని అలాగే వదిలేసి ముందుగదిలోకి వచ్చింది. కూతురి పక్క నుంచి వెళ్తూ, వయొలిన్ మెడ పట్టుకున్న ఆ ఎడమచేతిని చూసింది. ముడుచుకున్న రెండు వేళ్ళ మీద తన అరచెయ్యి ఆనించింది. ఇస్త్రీ వేడి ఇంకా ఆ అరచేతిలో ఉంది. తర్వాత తీసేసింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మాస్టారు లేచారు. ఎక్కడికని అడిగారు. ఎండగా ఉంది, గొడుగన్నా తీసుకో అన్నారు. ఆ గొంతులో ఇంతకుముందెన్నడూ లేని బెరుకు ఉంది. పక్క గది దాకా వెళ్ళినా వెళ్ళొస్తా అనేది అమ్మ. చేట పట్టుకుని పెరట్లోకి వెళ్తూ కూడా అనేది. దాని మీద పిల్లలు వేళాకోళం ఆడేవాళ్ళు, పెద్దమ్మా, వంటింట్లోకి ప్రయాణమా అని. ఇవాళ ఆ మాట అంటుందేమోనని తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎదురుచూశారు.

అమ్మ మెట్లు దిగింది.

రిపేరక్క వయొలిన్‌ను గుండెలకు అదుముకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎండలో ఆవరణ తెల్లగా మెరుస్తోంది. అటు హాల్లోంచి ఇరవై ఆరు వయొలిన్లు ఒకే స్వరం పట్టి శ్రుతి చేసుకుంటున్నాయి. గేటుకు ఇవతల కుడివైపు పిచ్చుక ఉండే గదులు, గేటు దాటి ఎడమవైపు తిరిగితే పన్నెండు గంటల బస్సు ఆగే చోటు. ఆ బస్సు పిచ్చుక అమ్మానాన్నలను దింపి, పది నిమిషాల్లో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోతుంది.

అమ్మ ఒక్కసారి కూడా ఇంటికేసి చూడలేదు. గేటు తెరుచుకుని ఎడమవైపు తిరిగింది.